పాప్లర్ రాని నేలలో తొందరగా పెరిగే చెట్ల కథ

జనగామ చెలకల్లో గానీ, మహబూబాబాద్ ఎర్రనేలల్లో గానీ, భూపాలపల్లి దగ్గర గోదావరి ఒడ్డున గానీ రైతు పెంచే పాప్లర్ తోట కనిపించదు. హర్యానాలోని యమునానగర్ చుట్టూ, ఉత్తరాఖండ్ తరాయి ప్రాంతంలో, పంజాబ్‌లోని హోషియార్‌పూర్ వైపు మాత్రం అది గోధుమతో పాటు రైతు లెక్కల్లోకి వచ్చే పంట. ఆరేడేళ్లలో మాను కోతకొస్తుంది, మిల్లులో పలుచటి పొరలుగా ఊడి ప్లైవుడ్ అవుతుంది. అంత తొందరగా డబ్బు చేసే చెట్టు ఇక్కడికి ఎందుకు రాలేదని అడిగితే ఎండ అని ఒక్క మాటలో తేల్చేస్తారు. అది నిజమే, కానీ సగం నిజం. ఏ చెట్టు బతకాలో వాతావరణం తేలుస్తుంది. బతకగల చెట్టును రైతు తన పొలంలో నాటుతాడా లేదా అన్నది మాత్రం వేరే చోట తేలుతుంది. ఈ మూడు జిల్లాల్లో గత నూట నలభై ఏళ్ల కలప చరిత్రను వరసగా చూస్తే, కొనేవాడు దగ్గరలో ఉండి, అతనికి ఆ కర్ర మరోచోట చవగ్గా దొరకని రోజు వచ్చినప్పుడే రైతు చెట్టు నాటాడని తెలుస్తుంది. ఆ రెండింటిలో ఏది లేకపోయినా నాటలేదు, నాటినవీ నిలవలేదు.

ముందు చెట్టును గుర్తుపట్టాలి. తెలుగు నేల మీద పాప్లర్‌ను చూడనివాళ్లు దాని ఆకును మొదటిసారి చూస్తే రావి ఆకు అనుకుంటారు. యూరప్ వృక్షశాస్త్రవేత్తలకు ఇదే తిరగబడి జరిగింది: మన గంగరావి ఆకును చూసి వాళ్లకు తమ పాప్లర్ గుర్తొచ్చింది. అందుకే 1753లో లిన్నేయస్ గంగరావి శాస్త్రీయ నామంలో పాప్లర్ పోలికను చేర్చాడు, అది నేటికీ అలాగే ఉంది. పోలిక ఆకు వరకే. రావి ఆకు తుంచితే పాలు కారతాయి, కొస సన్నటి తోకలా సాగుతుంది. గంగరావి పసుపు పూలు పూస్తుంది, అవి వాడేసరికి ఎరుపు తిరుగుతాయి. పాప్లర్‌కు పాలు లేవు. ఆకు దాదాపు త్రికోణంగా ఉంటుంది, అంచున సన్నటి గుండ్రటి పళ్లుంటాయి. అసలు గుర్తు కాడలో ఉంది. ఆకు దగ్గర ఆ కాడ గుండ్రంగా కాక పక్కలకు నొక్కినట్టు బల్లపరుపుగా ఉంటుంది. అందుకే గాలి ఉందో లేదో మనకు తెలియనప్పుడు కూడా ఆకు వణుకుతూనే ఉంటుంది. చలికాలంలో ఆకులన్నీ రాలిపోయి, కొమ్మల చివర జిగురు పట్టిన మొగ్గలు మాత్రం మిగులుతాయి. ఆడచెట్టూ మగచెట్టూ వేరు. ఆడచెట్టు కాయ పగిలితే దూదిలాంటి నూగు ఎగురుతుంది. మన దేశంలో అడవి పాప్లర్లు హిమాలయాల్లోనూ లడఖ్‌లోనూ ఉన్నాయి తప్ప వింధ్య దాటి ఇటు రాలేదు. ఉత్తరాది పొలాల్లో పెంచేది ఉత్తర అమెరికాకు చెందిన పాపులస్ డెల్టాయిడిస్. 1950 ప్రాంతంలో దాన్ని మన దేశానికి తెచ్చారు. తర్వాత బాగా పేరుపడ్డ జీ-3, జీ-48 అనే క్లోన్లు ఆస్ట్రేలియా మీదుగా వచ్చాయి.

దాని సాగు తేలిక. ఏడాది వయసున్న కొమ్మను జానెడు ముక్కలుగా కోసి, జనవరి ఫిబ్రవరి నెలల్లో నర్సరీ మడిలో ఒక కన్ను పైకి ఉండేలా గుచ్చితే చాలు, వేళ్లు వస్తాయి. ఏడాదికల్లా అది మనిషికి రెండింతలు మించి ఎదుగుతుంది. మరుసటి చలికాలం ఆకు రాల్చి నిద్రలో ఉన్నప్పుడు దాన్ని వేళ్లతో సహా పెకలించి, మూడడుగుల లోతు గుంటలో పాతుతారు. అయిదు మీటర్లకు నాలుగు మీటర్ల ఎడంతో ఎకరాకు రెండు వందల చెట్లు పడతాయి. నీటి వసతి, లోతైన ఒండ్రు నేల ఉండాలి. ఇంతా చేసి రైతుకు దానిలో నచ్చిందేమిటంటే, నవంబరు చివరికల్లా ఆకు రాల్చి గోధుమకు ఎండను వదిలేయడం. మళ్లీ చిగురించేసరికి గోధుమ కోతకు వస్తుంది. చలికి ఆకు రాల్చే చెట్టుకు, చలికాలపు పంటకు కుదిరిన పొత్తు ఇది. మన అడవులూ ఆకు రాల్చేవే. కానీ టేకూ మోదుగా ఇప్పా ఆకు రాల్చేది చలికి కాదు, నేలలో తడి ఆరిపోయినందుకు. ఇక్కడి చెట్లు బోసిపోయేది ఎక్కువగా ఫిబ్రవరి తర్వాత, యాసంగి పంటకు ఎండ కొరత తీరిపోయాక. పాప్లర్‌కు మొగ్గ నిద్రలేవడానికి కొంత చలి కావాలి, అది ఇక్కడ దొరకదు. ఉత్తర అక్షాంశం 28 డిగ్రీలకు దిగువన దాన్ని సాగు చేయవద్దని అటవీ శాస్త్రవేత్తలు చెప్పేది అందుకే. జనగామ ఉన్నది 18 డిగ్రీలకు కాస్త కిందనే. కాబట్టి ఈ చెట్టు ఇక్కడ లేకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆలోచించవలసింది, అది బాగా పెరిగే చోట కూడా ముప్పై ఏళ్లకు పైగా పొలాల్లోకి ఎందుకు రాలేదన్నది.

1950లో వచ్చిన చెట్టు 1980ల దాకా ప్రభుత్వ క్షేత్రాల్లోనూ కొద్దిమంది రైతుల దగ్గరా ఉండిపోయింది. దాన్ని పొలాల్లోకి తెచ్చింది అగ్గిపుల్ల. 1923లో స్వీడన్ పెట్టుబడితో మొదలైన వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ, అంటే విమ్కో, పుల్లలకూ పెట్టెలకూ అడవి బూరుగు వంటి మెత్తటి కర్ర వాడేది. అడవుల్లో ఆ కర్ర తరిగిపోతున్నకొద్దీ ఫ్యాక్టరీకి దిక్కు తోచని పరిస్థితి వచ్చింది. అప్పుడది రైతు దగ్గరికి వెళ్లింది. 1984లో నాబార్డ్ తోడ్పాటుతో మొదలైన పథకంలో మొక్క కంపెనీది, అప్పు బ్యాంకుది, పొలం రైతుది, కోతకొచ్చిన మానును ముందుగా ఒప్పుకున్న ధరకు కొనే పూచీ కంపెనీది. అదే సమయంలో అక్కడి రైతులు జామాయిల్ కూడా విరివిగా వేశారు. దానికి అలా పూచీపడ్డవాళ్లు లేరు. పడమటి ఉత్తరప్రదేశ్, హర్యానా, పంజాబ్, గుజరాత్‌లలో 1980ల చివర ఆ కర్ర ఒక్కసారిగా మార్కెట్ మీద పడి ధర కూలిపోయింది. ఎందరో రైతులు చెట్లను కుదుళ్లతో సహా పీకేశారు. పరిశోధకుడు ఎన్.సి. సక్సేనా ఈ పతనాన్ని దగ్గరగా పరిశీలించి రాశాడు. అదే నేలలో అదే రైతులు ఒక చెట్టును తీసేసి ఇంకొకదాన్ని నిలుపుకున్నారు. తేడా పెరుగుదలలో లేదు, కర్ర ఎక్కడికి పోతుందో ముందే తెలియడంలో ఉంది. తర్వాత ప్లైవుడ్ మిల్లులు యమునానగర్‌లో గుంపుగా వెలిశాయి. అగ్గిపెట్టె వెనక్కి తగ్గినా చెట్టు నిలిచింది.

ఇప్పుడు మన వైపు చూద్దాం. ఇక్కడ కర్ర కొనేవాళ్లు 1980ల కంటే చాలా ముందే ఉన్నారు. నిజాం రైలుమార్గం 1886లో వరంగల్ చేరింది, రెండేళ్లకు డోర్నకల్ మీదుగా ఇల్లందు బొగ్గు గనులను అందుకుంది, 1889లో బెజవాడకు కలిసింది. జనగామ, మహబూబాబాద్, డోర్నకల్ మూడూ ఆ దారి మీది స్టేషన్లే. పట్టాల కింద పరిచే దిమ్మెలకు గట్టి కర్ర కావాలి, నేల లోపలి గనుల్లో కప్పును ఆపే నిట్టాళ్లకు కర్ర కావాలి. సింగరేణి తవ్వకాలు పెరిగినకొద్దీ ఆ అవసరమూ పెరిగింది. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు పుట్టి, నాలుగేళ్లకు కాగితం తీయడం మొదలుపెడితే దానికి వెదురు కావలసి వచ్చింది. ఇంత పెద్ద గిరాకీ ముందున్నా ఈ చుట్టుపక్కల ఏ రైతూ నిట్టాడి కోసం గానీ వెదురు కోసం గానీ తోట వేసిన ఆనవాలు లేదు. వేయవలసిన పని ఎవరికీ లేదు. మహదేవపూర్, ఏటూరునాగారం, పాకాల, గూడూరు అడవులు దగ్గరే ఉన్నాయి. అక్కడి మానుకు కొనేవాడు చెల్లించేది నరికే కూలీ, మోసే బండి, సర్కారుకు కట్టే కొద్దిపాటి రుసుము. నూరేళ్లు పెరిగిన మద్దిమాను ఆ లెక్కన వచ్చేస్తుంటే పొలంలో పెంచిన కర్రకు ఎవరు ఎక్కువిస్తారు? కొనేవాడు ఉంటే చాలు చెట్టు వస్తుందనేవాళ్లకు ఈ వందేళ్లే జవాబు. అడవి కర్ర చవగ్గా దొరికినంత కాలం రైతు చెట్టుకు ధర రాదు.

మార్పు 1975 తర్వాత మెల్లగా మొదలైంది. ఆ ఏడాదే భద్రాచలం పేపర్‌బోర్డ్స్ కంపెనీ ఏర్పడి, 1979లో గోదావరికి ఇవతల సారపాకలో మిల్లు తెరిచింది. తర్వాతి రోజుల్లో అది ఐటీసీలో కలిసింది. అటు ఏటూరునాగారం దాటాక మంగపేట మండలం కమలాపురంలో ఏపీ రేయాన్స్ వెలిసింది, 1980ల ఆరంభంలో పని మొదలుపెట్టింది, ఆ తర్వాత బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ చేతికి వెళ్లింది. అక్కడ తయారయ్యేది కాగితం కాదు, కృత్రిమ పట్టు నూలుకు పనికొచ్చే పల్ప్. దానికి ఇంకా శుద్ధమైన సెల్యులోజ్ కావాలి, అంటే కర్ర ఇంకా ఎక్కువ ఖర్చవుతుంది. ఆ ఊరు అప్పట్లో వరంగల్ జిల్లాలోది, 2016 అక్టోబరు నుంచి 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలో ఉండి, తర్వాత ములుగు జిల్లాకు మారింది. మిల్లులు రెండూ మొదట చూసింది అడవి వైపే. కానీ వెదురు పలచబడింది. ఆదివాసీ గూడేలూ మేదరి కుటుంబాలూ వాడుకునే వెదురు లారీల కొద్దీ మిల్లుకు పోవడం మీద నిరసన పెరిగింది. 1988 జాతీయ అటవీ విధానం చివరికి గీత గీసింది: అటవీ పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలి, అడవి కర్రను రాయితీ ధరకు అందుకునే రోజులు పోవాలి. ఉత్తరాదిన విమ్కోను బూరుగు కొరత ఎక్కడికి నెట్టిందో, సరిగ్గా అక్కడికే సారపాక మిల్లును ఈ విధానం నెట్టింది. 1989లో అది జామాయిల్ క్లోన్ల పని మొదలుపెట్టడం కాకతాళీయం కాదు.

ఆ పనిని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే పాప్లర్‌కూ జామాయిల్‌కూ ఉన్న పెద్ద తేడా అక్కడే ఉంది. పాప్లర్ కొమ్మను రైతు తన కత్తితో కోసి తన మడిలోనే గుచ్చుకోవచ్చు. పెద్ద జామాయిల్ చెట్టు కొమ్మ అలా వేరు పట్టదు. బాగా పెరిగిన ఒక చెట్టును ఎంచి, నేలకు జానెడు ఎత్తులో నరుకుతారు. మోడు చుట్టూ పిలకలు లేస్తాయి. రెండు నెలల లేత పిలకను రెండాకులుండే ముక్కలుగా కత్తిరించి, నీరు ఆవిరై పోకుండా ఒక్కో ఆకును సగానికి కోస్తారు. అడుగు కొసను వేరు పుట్టించే హార్మోన్‌లో అద్ది, వర్మిక్యులైట్ నింపిన ప్లాస్టిక్ గొట్టాల్లో నిలబెట్టి, సన్నటి తుంపర చిమ్మే వెచ్చటి గదిలో ఉంచుతారు. నెల రోజులకు తెల్లటి వేళ్లు గొట్టం అడుగున కనిపిస్తాయి. తర్వాత కొన్నాళ్లు నీడలో, ఆ పైన ఎండలో ఉంచి వానకాలానికి పొలానికి పంపుతారు. ఇలా ఒకే తల్లికి పుట్టిన మొక్కలన్నీ ఒకే ఎత్తున, ఒకే లావున పెరుగుతాయి. సారపాక మిల్లు తరఫున ప్యారేలాల్, హెచ్.డి. కులకర్ణి నడిపిన ఈ పనిలో వందల కొద్దీ ఎంపిక చెట్లు పొలాల్లో పరీక్షకు నిలిచాయి. విత్తనపు మొక్కల తోట వానాధారంగా ఏడాదికి హెక్టారుకు ఆరు నుంచి పది ఘనమీటర్ల కర్ర ఇచ్చేచోట, మేలైన క్లోన్లు సగటున ఇరవైకి పైగా ఇచ్చాయి. తుంపర గది రైతు దగ్గర ఉండదు, కాబట్టి మొక్క కంపెనీ నర్సరీ నుంచో, దాన్ని చూసి పెట్టిన ప్రైవేటు నర్సరీ నుంచో రావాలి. కర్ర కొనేవాడే మొక్క అమ్మేవాడు కూడా అయ్యాడు. తోట ఎక్కడ వేస్తారన్నది అతని లారీ ఎంత దూరం పోగలదన్నదాన్ని బట్టి తేలసాగింది.

లారీ మాట ఊరికే అనలేదు. నాలుగేళ్లకు జామాయిల్ కోతకు వస్తుంది. మాను పడేసి, బెరడు ఒలిచి, మీటరు పొడవు ముక్కలు కొట్టి లారీకి ఎత్తుతారు. మిల్లు గేటు దగ్గర కాటా మీద టన్నుల్లో తూచి డబ్బు ఇస్తారు. పచ్చికర్రలో దాదాపు సగం బరువు నీరే. ఎండలో పడి ఉన్న ప్రతి రోజూ ఆ నీరు ఎగిరిపోతుంది, రైతుకు వచ్చే టన్నులు తగ్గుతాయి. పత్తిలాగా ఇంట్లో దాచిపెట్టి ధర కోసం చూసే సరుకు కాదిది. దూరం పెరిగినకొద్దీ కిరాయి పెరుగుతుంది. ఆ కిరాయి కర్ర ధరలోంచే పోవాలి. అందుకే మహబూబాబాద్ తూర్పు భాగంలో బయ్యారం, గార్ల వైపు జామాయిల్ తోటకు సారపాక గేటు ఒక మోస్తరు దూరంలో ఉంటే, జనగామ రైతుకు అదే గేటు రెండింతల దూరం. ఆ దూరాన్ని మధ్యలో దళారి పూరించాడు. నిలబడి ఉన్న తోటనే గుత్తకు మాట్లాడుకుని, కోతా మోతా తనే చూసుకునే పద్ధతి వచ్చింది. రైతుకు తలనొప్పి తగ్గింది, రాబడీ తగ్గింది. మొదటి కోత తర్వాత మోడు నుంచి మళ్లీ పిలకలు వస్తాయి. వాటిలో ఒకటో రెండో ఉంచి మిగతావి తీసేస్తే ఖర్చు లేకుండా రెండో పంట, మూడో పంట వస్తుంది. జామాయిల్‌ను రైతు అంత తేలిగ్గా వదలకపోవడానికి ఈ పిలక పెద్ద కారణం.

కొనేవాడే చెట్టు నాటించాడన్న వాదనకు మొదటి అభ్యంతరం ప్రభుత్వం వైపు నుంచి వస్తుంది. చెట్లు నాటించింది కంపెనీలు కావు, సామాజిక అడవుల పథకాలే కదా అంటారు. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ సిఫారసు చేశాక, 1980లలో ఊరూరా నర్సరీలు వెలిసి, జామాయిల్, సుబాబుల్ మొక్కలు ఉచితంగానో నామమాత్రపు ధరకో పంచిన మాట నిజం. ఆ పథకాల ఉద్దేశం మాత్రం వేరు: వంటచెరకు, పశువుల మేత, ఊరి అవసరాలకు వాసం కర్ర. సుబాబుల్‌ను ముందు మేతచెట్టుగానే పరిచయం చేశారు. ఆ పేరుతో ఇచ్చిన మొక్క చివరికి పల్ప్ మిల్లు గేటుకు చేరింది. ఊరి వంటచెరకు అవసరాన్ని సర్కారు తుమ్మా తుమ్మకొమ్మలూ అప్పుడూ తీర్చాయి, ఇప్పుడూ తీరుస్తున్నాయి. నాటడం పథకంతో మొదలై ఉండవచ్చు. కానీ పథకం ముగిశాక కూడా రైతు సొంత డబ్బుతో మొక్క కొని నాటిన చోట్లేవో చూస్తే, అవి మిల్లు చుట్టూనే కనిపిస్తాయి. వాతావరణమే కారణమనే వాదనకూ ఇదే జవాబు వర్తిస్తుంది.  దక్కను ఎండను జామాయిల్ తట్టుకుంటుందన్న సంగతి కొత్తగా 1980లలో తెలిసింది కాదు.

రెండో అభ్యంతరం బరువైనది, దాన్ని దాటేయకూడదు. జామాయిల్ నీళ్లు తాగేస్తుంది, బోర్లు ఎండబెడుతుంది అన్న మాట జనగామ వైపు ఎప్పటినుంచో ఉంది. అది కరువు నేల. ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన, పలుచటి ఎర్ర చెలక, కింద నల్లరాయి. బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఊళ్లలో పక్క పొలంలో పచ్చగా నిలబడ్డ జామాయిల్ మీద కోపం రావడం సహజం. దీని మీద 1990ల ఆరంభంలో జల శాస్త్రవేత్త ఇయాన్ కాల్డర్ బృందం కర్ణాటకలో చెట్ల నీటి వాడకాన్ని కొలిచింది. పలుచటి నేలల్లో జామాయిల్ వాడిన నీరు స్థానిక అడవి వాడినదానికంటే ఎక్కువ లేదు. అదే రాగి చేనుతో పోలిస్తే మాత్రం సుమారు రెండింతలు. లోతైన నేల ఉన్న ఒక చోట, వేళ్లు లోపలికి పోయే కొద్దీ పడిన వానకంటే కూడా ఎక్కువ నీరు తోడుకున్నట్టు తేలింది. కాబట్టి జామాయిల్ పక్కనున్న బోరును పీల్చేస్తుందన్న మాట అన్ని నేలలకూ సరిపోదు. జొన్న చేను తీసి జామాయిల్ వేస్తే నేలలోకి ఇంకే నీరు తగ్గుతుందన్నది మాత్రం నిజం. చెరువు ఎగువన ఆ తోట వేయడం తప్పు, కింది ఆయకట్టు రైతుకు అన్యాయం. కర్ణాటక 2017లో కొత్త తోటలనే ఆపేసింది. తెలంగాణలో అలాంటి గీత ఏదైనా గీయాలంటే మొత్తం నిషేధం కంటే చెరువుల పరీవాహకాన్ని గుర్తించి అక్కడ ఆపడం మేలు. నా వాదనకు ఈ అభ్యంతరం అడ్డు రాదు. పైగా ఒక విషయాన్ని బయటపెడుతుంది: కొనేవాడు చెట్టును లెక్కగట్టేది టన్నుల్లో. ఆ టన్నుకు ఊరు ఎంత నీరు ఇచ్చిందో ఆ ధరలో ఎక్కడా ఉండదు.

మూడోది కూలీ మాట. చెట్లు వేసింది భూమిని వదిలి హనుమకొండకో హైదరాబాద్‌కో వెళ్లినవాళ్లేననీ, కూలీలు దొరకక, సాగు చూసుకునేవాళ్లు లేక తోటలు వచ్చాయనీ చాలామంది అంటారు. ఇందులో నిజం చాలా ఉంది. నాలుగేళ్లు రాబడి లేకుండా ఆగగలిగినవాడే జామాయిల్ వేస్తాడు. రెండెకరాల రైతు ఆగలేడు. ఎకరం తోటగా మారినచోట కలుపు తీసి, ఏరి, కోసి బతికే ఆడవాళ్ల పనిదినాలు పోయాయి. దీన్ని నేను చిన్న నష్టంగా చూడను. అయినా కూలీల కొరత ఒక్కటే కారణమైతే, కొరత ఉన్న ప్రతి చోటా తోటలు రావాలి. 1990లలో వరంగల్ జిల్లా నల్లరేగళ్లలోనూ చెలకల్లోనూ అందరికంటే ఎక్కువ కూలీలు కావలసిన పత్తి ఎలా పాకింది? మహబూబాబాద్ వైపు మిర్చి ఎలా నిలిచింది? వాటికి వరంగల్ ఎనుమాముల మార్కెట్, జిన్నింగ్ మిల్లులు దగ్గరున్నాయి. 1997-98లో పత్తి పోయి, అప్పులు మిగిలి, ఇదే జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్న తర్వాత కూడా పత్తి పోలేదు. చెట్టు రిస్కు తక్కువని తెలిసి కూడా రైతు పత్తి వైపే ఉన్నాడంటే, ఏటా డబ్బు చేతికి రావడమూ అమ్మే చోటు పక్కనే ఉండడమూ అతనికి ముఖ్యం. కూలీల కొరత రైతును చెట్టు వైపు తోస్తుంది, చెట్టు నిలవడానికి మాత్రం గేటు కావాలి.

దీన్ని పరీక్షించే సందర్భం 2014లో ఎవరూ కోరకుండానే వచ్చింది. ఆ ఏడాది కమలాపురంలో ఉత్పత్తి ఆగిపోయింది. అదే ఏడాది సెప్టెంబరులో కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు కూడా మూతపడింది. అంటే గోదావరికి ఇరువైపులా ఉన్న ఈ అటవీ ప్రాంతానికి కర్ర కొనే పెద్ద గేట్లు మూడుంటే, ఒకే ఏడాది రెండు మూసుకున్నాయి. వాన మారలేదు, నేల మారలేదు, మొక్క అదే. మారింది గేటు ఒక్కటే. భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు కర్రకు పక్కనున్న కాటా పోయి, గోదావరి వెంట దిగువకు సారపాక దాకా కిరాయి పెట్టుకోవలసి వచ్చింది. కొనేవాడు ఒక్కడే మిగిలినప్పుడు ధర చెప్పేదీ అతనే. కోతకు అనుమతి ఎప్పుడిస్తాడు, ఎంత లావు ముక్క తీసుకుంటాడు, తేమకు ఎంత తరుగు తీస్తాడు అన్నవన్నీ అతని చేతిలోకే వెళ్తాయి. కమలాపురం మిల్లును మళ్లీ తెరిపిస్తామని రాయితీల మాటలు ఎన్నో వచ్చాయి, మిల్లు మాత్రం తెరుచుకోలేదు. అక్కడి కార్మికుల బాధ పత్రికల్లో ఎక్కువగానే వచ్చింది, రావాలి కూడా. ఆ మిల్లును నమ్మి మొక్క నాటిన రైతు బాధ గురించి రాసింది తక్కువ. సిర్పూర్ మిల్లును 2018లో జేకే పేపర్ తీసుకుని తిరిగి నడిపించడంతో ఉత్తరం వైపు ఇంకో గేటు తెరుచుకుంది. భూపాలపల్లి రైతుకు అది దగ్గర కాదు, అయినా రెండో ధర వినడానికి ఒక చోటు దొరికింది.

ఇప్పుడు పాప్లర్‌కు మన దగ్గర వారసుడిగా చూపిస్తున్న చెట్టు మలబారు వేప. మన తురక వేపకు దగ్గరి చుట్టం, మీలియా డూబియా అని శాస్త్రీయ నామం. నిటారైన మాను, చలికాలంలో ఆకు రాలుస్తుంది, మెత్తటి కర్ర ఒలుస్తుంటే ప్లైవుడ్ పొర చక్కగా వస్తుంది. పాప్లర్‌లో ఉన్న మంచి గుణాల్లో చాలావరకు ఇందులో ఉన్నాయి, ఎండనూ తట్టుకుంటుంది. అటవీ పరిశోధన సంస్థలు దాని మేలైన రకాలను విడుదల చేశాయి. సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల ఈ రకం చెట్ల మీద పనిచేయడానికి తగిన చోటు. నర్సరీలు ఈ మొక్కను ఆరేడేళ్లలో లక్షలు ఇచ్చే చెట్టుగా అమ్ముతున్నాయి. ఆ లెక్కల్లో ఎకరాకు ఎన్ని మొక్కలు, చెట్టుకు ఎంత లావు అన్నవి ఉంటాయి, పొర ఒలిచే యంత్రం ఎక్కడుందో ఉండదు. దేశంలో ఆ యంత్రాలు ఎక్కువగా ఉన్నది యమునానగర్‌లో, కేరళలోని పెరుంబావూరులో. పల్ప్‌కు సన్నటి ముక్కైనా పనికొస్తుంది. ప్లైవుడ్‌కు వంకర లేని, ముడులు లేని లావాటి దుంగ కావాలి, దానికోసం మొదటి రెండు మూడేళ్లు పక్క కొమ్మలు తీస్తూ ఉండాలి. లావు తగ్గితే ఆ దుంగ పల్ప్ ధరకే పోతుంది. మహబూబాబాద్, డోర్నకల్ రెండూ విజయవాడ రైలుదారి మీదే ఉన్నాయి. పొర ఒలిచే రెండు మూడు చిన్న యూనిట్లు ఆ పట్టణాల్లో నిలబడితే, పొలం నుంచి దుంగ యాభై కిలోమీటర్లు దాటకుండానే పొరగా మారి, తేలికై, రైలెక్కి పోతుంది. ఆ యూనిట్లకు స్థలం, కరెంటు, కొనుగోలు ఒప్పందం సిద్ధమయ్యాకే ఈ మూడు జిల్లాల పంచాయతీ నర్సరీల్లో మలబారు వేప మొక్కల సంఖ్య పెంచాలి. 1980లలో వంటచెరకు పేరుతో మొక్క ముందు వచ్చి గేటు తర్వాత వచ్చింది, మధ్యలో ధర ఎవరి చేతిలో ఉండిపోయిందో కమలాపురం చుట్టుపక్కల రైతులకు తెలుసు.